పాత హైబ్రిడ్ బండి ఎక్కడ ఆగిపోతుంది?

అమెరికాలో చదువుకోవడానికి దిగిన మనవాళ్ళు మొదటి ఏడాదే సెకండ్ హ్యాండ్ కారు వేటలో పడతారు. డాలస్ లాంటి ఊళ్ళో కారు లేనిదే కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టం. ఆ వేటలో తక్కువ ధరకు ఒక రకం బండి ఎదురుపడుతూ ఉంటుంది: పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి హైబ్రిడ్ ఎస్‌యూవీ. ఫోర్డ్ ఎస్కేప్ హైబ్రిడ్, టొయోటా హైలాండర్ హైబ్రిడ్, లెక్సస్ ఆర్‌ఎక్స్ 400హెచ్ అందులో ముఖ్యమైనవి. ఎత్తుగా, విశాలంగా ఉంటాయి, పెట్రోలు తక్కువ తాగుతాయి. దాని ఫొటో సీనియర్లకు పంపితే మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది: "దాని జోలికి పోకురా, బ్యాటరీ పోయిందంటే బండి ఖరీదు కంటే దానికే ఎక్కువవుతుంది."

ఆ సలహాలో కొంత నిజముంది. ఫోర్డో టొయోటానో కొత్త బ్యాటరీ వెయ్యాలంటే కొన్ని వేల డాలర్లు అవుతుంది. అయితే ఈ బండ్ల చరిత్ర చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. వాటిని నడిరోడ్డు మీద నిలబెట్టేది చాలాసార్లు పెద్ద బ్యాటరీ చుట్టూ ఉండే చిన్న సరంజామా. ఎలక్ట్రానిక్స్‌ను చల్లబరిచే పంపు, బ్యాటరీకి గాలి తోలే ఫ్యాను, మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల బ్యాటరీ, బ్రేకుల్లో ఒత్తిడి నింపే మోటారు. ఖరీదైన భాగాలు గట్టిగానే చేశారు. వాటి వేడి తీసే చవక భాగాలు ముందు అరిగిపోతాయి. అవి పోయాక ఖరీదైనవి పాడవుతాయి. పాత హైబ్రిడ్ కొనేవాళ్ళు తెలుసుకోవాల్సినది ముఖ్యంగా ఈ వరస.

ముందు ఈ బండ్ల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. ఎస్కేప్ హైబ్రిడ్ 2004లో, 2005 మోడల్‌గా అమ్మకానికి వచ్చింది. అమెరికా రోడ్డెక్కిన మొదటి హైబ్రిడ్ ఎస్‌యూవీ అదే. మిస్సోరీ రాష్ట్రంలో, కాన్సాస్ సిటీ పక్కనున్న క్లేకోమో ఫ్యాక్టరీలో తయారయ్యేది. పేరు మార్చి, ముందు భాగం కాస్త మార్చి అదే బండిని మెర్క్యురీ మారినర్ హైబ్రిడ్‌గా, మాజ్డా ట్రిబ్యూట్ హైబ్రిడ్‌గా కూడా అమ్మారు. ఇప్పుడు విడిభాగాల కోసం తిరిగేవాళ్ళకు ఇది బాగా కలిసొచ్చే విషయం. 2012 మోడల్‌తో ఎస్కేప్ హైబ్రిడ్ ఆగిపోయింది. 2005లో టొయోటా రెండు బండ్లు తెచ్చింది: 3.3 లీటర్ల వీ6 ఇంజన్‌తో, మొత్తం 268 హార్స్‌పవర్‌తో, లెక్సస్ ఆర్‌ఎక్స్ 400హెచ్, హైలాండర్ హైబ్రిడ్. ఆ వెనకే జనరల్ మోటార్స్ సాటర్న్ వ్యూ గ్రీన్ లైన్‌ను 2007 మోడల్‌గా, భారీ చెవ్రొలే టాహో హైబ్రిడ్‌ను 2008 మోడల్‌గా తెచ్చింది. క్రైస్లర్ వాళ్ళ డాడ్జ్ డురాంగో, యాస్పెన్ హైబ్రిడ్ల కథ మరీ చిన్నది. అవి తయారయ్యే డెలవేర్ ఫ్యాక్టరీ 2008 డిసెంబర్‌లో మూతపడటంతో పుట్టిన కొద్ది నెలలకే ఆగిపోయాయి. ఇవి ఎంత చవగ్గా దొరికినా కొనవద్దనే నేనంటాను. ఫ్యాక్టరీయే మూతపడ్డ, గుప్పెడు మాత్రమే తయారైన బండికి ఒక కంట్రోల్ మాడ్యూల్ పోతే ఎక్కడ వెతుకుతారు?

ఫోర్డ్, టొయోటా బండ్ల విషయం వేరు. రెండింటి గేర్‌బాక్స్ సూత్రం ఒకటే. మధ్యలో ఒక సన్ గేరు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లను పట్టుకున్న క్యారియర్, బయట ఒక రింగు. ఇంజన్ క్యారియర్‌కు తగిలించి ఉంటుంది. సన్ గేరుకు ఒక జనరేటర్, రింగు వైపు చక్రాలు, పెద్ద మోటారు. జనరేటర్ వేగాన్ని కంప్యూటర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, చక్రాలు ఏ వేగంలో తిరుగుతున్నా ఇంజన్ తనకు అనువైన వేగంలో నడుస్తుంది. గేరు మార్చడమనేదే లేదు. గేర్లన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఇంతకంటే తక్కువ కదిలే ముక్కలతో గేర్‌బాక్స్ చేయడం కష్టం. రెండు కంపెనీలూ విడివిడిగా ఈ దారిన నడిచి, చివరికి 2004లో పేటెంట్లు ఒకరివొకరు వాడుకునేలా ఒప్పందం చేసుకున్నాయి.

ఈ అమరికలో ఏమేం లేవో చూస్తే నమ్మకం ఇంకా పెరుగుతుంది. క్లచ్ ప్లేటు లేదు. టార్క్ కన్వర్టర్ లేదు. ఇంజన్ తిప్పడానికి వేరే సెల్ఫ్ మోటారు లేదు, ఆ పని జనరేటరే చేస్తుంది. బెల్టుతో తిరిగే డైనమో లేదు. బ్రోషర్లలో సీవీటీ అని రాసి ఉన్నా, మిగతా సీవీటీ కార్లలో జారిపోయి, అరిగిపోయి తిప్పలు పెట్టే ఉక్కు బెల్టు ఇందులో అసలు లేదు. లక్ష మైళ్ళు దాటిన మామూలు కారులో జేబుకు చిల్లు పెట్టే భాగాలు సగం ఇక్కడ పుట్టనే లేదన్నమాట. బ్రేకు నొక్కినప్పుడు చాలావరకు మోటారే బండిని నిదానింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కూడా ఏళ్ళ తరబడి వస్తాయి.

ఈ పటిష్ఠతకు రోడ్డు మీదే రుజువు దొరికింది. న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లో 2005 నుంచి ఎస్కేప్ హైబ్రిడ్లు టాక్సీలుగా తిరిగాయి. రోజంతా ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ, గుంతల్లో పడుతూ లేస్తూ నడిచిన ఆ బండ్లలో 3 లక్షల మైళ్ళు, అంటే దాదాపు 4 లక్షల 80 వేల కిలోమీటర్లు దాటినవి ఉన్నాయి. 2011లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2 లక్షల మైళ్ళు దాటిన 2002 నాటి టొయోటా ప్రియస్‌ను తెచ్చి పరీక్షించింది. పదేళ్ళ కిందట కొత్త ప్రియస్ ఇచ్చిన మైలేజీకి, ఈ పాతది ఇచ్చినదానికి తేడా లేనట్టే తేలింది. ప్రియస్ ఎస్‌యూవీ కాకపోయినా బ్యాటరీ రసాయనం అదే, సూత్రం అదే.

ఇక ఆ బ్యాటరీ లోపలికి వెళ్దాం. ఎస్కేప్ డిక్కీ కింద పరిచినట్టుండే పెట్టెలో 250 సెల్స్ ఉంటాయి. సాన్యో కంపెనీ చేసినవి. ఒక్కోటీ పెద్ద టార్చిలైటులో వేసే డి సైజు సెల్ అంత ఉంటుంది. అన్నిటినీ ఒకే వరసలో కలిపితే 330 వోల్టులు. హైలాండర్‌లో 240 సెల్స్, 288 వోల్టులు, ఆ పెట్టె వెనక సీటు కింద ఉంటుంది. రెండింటిలోనూ రసాయనం నికెల్ మెటల్ హైడ్రైడ్. ఒకవైపు నికెల్ హైడ్రాక్సైడ్, మరోవైపు హైడ్రోజన్‌ను పీల్చుకుని దాచుకునే లోహ మిశ్రమం, మధ్యలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవం. బరువెక్కువ, కానీ ఓర్పూ ఎక్కువే. సెల్‌ఫోన్‌లో ఉండే లిథియం బ్యాటరీ కంటే మొరటుగా వాడినా తట్టుకుంటుంది.

ఈ బ్యాటరీలు ఇన్నేళ్ళు రావడానికి అసలు కారణం మాత్రం కంప్యూటర్ పెట్టే క్రమశిక్షణ. బ్యాటరీని ఎప్పుడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయనివ్వదు. మధ్యలో ఒక ఇరుకు మేర లోపలే ఛార్జి పైకీ కిందికీ ఆడుతుంది. మొత్తం నిల్వ చూస్తే 2 యూనిట్ల కరెంటు కూడా ఉండదు. అందులోనూ వాడేది కొంచెమే. నిండా నింపి, అడుగంటా వాడే అలవాటే ఏ బ్యాటరీకైనా ముప్పు, దాన్ని ఇక్కడ మొదటినుంచే తప్పించారు.

మరి ఎలా చస్తుంది? రెండు విధాలు. మొదటిది వేడి. వేడెక్కిన సెల్‌లో లోపలి ద్రవం మెల్లగా ఎండిపోతుంది, లోహ మిశ్రమం తుప్పు పడుతుంది, నిల్వ సామర్థ్యం తగ్గుతుంది. పెట్టె మధ్యలో ఉన్న సెల్స్‌కు గాలి తక్కువ తగులుతుంది కాబట్టి అవి అంచుల్లో ఉన్నవాటికంటే ముందే ముసలివవుతాయి. రెండోది ఖాళీగా పడుండటం. నికెల్ సెల్ వాడకపోయినా తనంతట తాను ఛార్జి కోల్పోతూ ఉంటుంది, అదీ అన్నీ ఒకే వేగంతో కాదు. నెలల తరబడి కదలని బండిలో 250 సెల్స్ 250 రకాల మట్టాలకు చేరతాయి. మంటలార్పడానికి చెరువు నుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకునేవాళ్ళలో ఒక్కడు నీరసపడితే వరసంతా వాడి వేగానికే దిగిపోతుంది కదా, ఇక్కడా అంతే. అందరికంటే ముందు ఖాళీ అయిన సెల్ గుండా మిగతావి బలవంతంగా కరెంటు తోస్తాయి. దాని ధ్రువాలు తారుమారై, లోపల వాయువు పుట్టి, అది ఇంకా వేడెక్కుతుంది. పక్కవాటినీ వేడెక్కిస్తుంది. అందుకే తక్కువ తిరిగిన బండి మంచిదన్న మామూలు నమ్మకం హైబ్రిడ్ల విషయంలో సగమే చెల్లుతుంది. ఇరవై ఏళ్ళలో నలభై వేల మైళ్ళే తిరిగి, గ్యారేజీలో ఎక్కువకాలం మూలుగుతూ గడిపిన బండి కంటే, రోజూ తిరుగుతూ లక్షన్నర దాటిన బండి బ్యాటరీ ఆరోగ్యంగా ఉండొచ్చు. టాక్సీలు అంతదూరం వెళ్ళడంలో ఈ కారణం కూడా ఉంది.

బ్యాటరీని చల్లబరిచే పద్ధతి రెండు కంపెనీల్లో రెండు రకాలు. టొయోటా పెట్టెకు మూడు ఫ్యాన్లు పెట్టింది. వెనక సీటు కింద ఉన్న సందుల్లోంచి క్యాబిన్‌లోని చల్లగాలినే లాగి సెల్స్ మీదుగా పంపుతాయి. ఆ సందుల ముందు బ్యాగులు పడేసినా, పెంపుడు కుక్క బొచ్చు, కార్పెట్ దుమ్ము చేరి ఫ్యాను రెక్కలకు పేరుకున్నా, గాలి తగ్గిపోతుంది. బండి నడుస్తూనే ఉంటుంది, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగదు, లోపల మాత్రం సెల్స్ ఎండాకాలం ఎండాకాలం కొంచెం కొంచెం కాలిపోతూ ఉంటాయి. వాక్యూమ్ క్లీనర్‌తో పది నిమిషాల పని. అది చేయని కారణంగా వేల డాలర్ల పెట్టె పోవడం చూస్తే బాధేస్తుంది.

ఫోర్డ్ మొదటి ఎస్కేప్‌లలో ఇంకాస్త దూరం ఆలోచించి బ్యాటరీకి వేరే ఏసీ ఏర్పాటే చేసింది. ఎడమవైపు వెనక అద్దంలో గాలి పీల్చే రంధ్రాలు కనిపిస్తాయి, బయటినుంచి చూసి ఇది హైబ్రిడ్ అని గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు. చిక్కేమిటంటే ఎస్కేప్‌లో ఏసీ కంప్రెసర్ ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. ఎండ మండిపోతున్న రోజు సిగ్నల్ దగ్గర బండి ఆగినా చల్లదనం కోసం ఇంజన్ ఆగకుండా నడవాల్సి వస్తుంది, మైలేజీ పడిపోతుంది. హైలాండర్‌లో కంప్రెసర్ కరెంటు మీదే నడుస్తుంది. ఆరిజోనా, టెక్సాస్ లాంటి వేడి రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకు ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఇప్పుడు ఎస్కేప్‌ను అందరికంటే ఎక్కువ అప్రతిష్ట పాలుచేసిన భాగం దగ్గరికి వద్దాం. హైబ్రిడ్‌లో కూలెంట్ దారులు రెండుంటాయి. ఒకటి ఇంజన్‌కు, అందరికీ తెలిసినదే. రెండోది మోటారు ఎలక్ట్రానిక్స్‌కు. బ్యాటరీలోని డీసీ కరెంటును మోటారుకు కావాల్సిన ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లో వందల ఆంపియర్లు అటూ ఇటూ తెగుతూ కలుస్తూ ఉంటాయి కాబట్టి అక్కడ పుట్టే వేడి మామూలుది కాదు. ఆ వేడి తీసుకెళ్ళే కూలెంట్‌ను ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు తిప్పుతుంది. బండి ఆన్‌లో ఉన్నంతసేపూ అది నడవాలి. ఇరవై ఏళ్ళ కింద వాళ్ళు పెట్టిన ఆ మోటారు అన్నేళ్ళు నడవలేకపోయింది.

పంపు ఆగిపోతే జరిగేది ఇది. బండి నిమ్మళంగా పోతూ ఉంటుంది. ఇంజన్ వేడి చూపించే ముల్లు నడిమధ్యే ఉంటుంది. ఒక్కసారిగా తెర మీద "స్టాప్ సేఫ్లీ నౌ" అన్న అక్షరాలు వస్తాయి, కొద్ది క్షణాల్లో బండి శక్తి కోల్పోతుంది. పక్కకు లాగి పావుగంట ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లేచి పోతుంది, ఎందుకంటే ఈలోపు ఇన్వర్టర్ చల్లబడింది. కొన్ని మైళ్ళకు మళ్ళీ అదే వరస. హైబ్రిడ్ ఎరగని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఇంజన్ కూలెంట్ చూస్తాడు, సరిపడా ఉంటుంది. థర్మోస్టాట్ చూస్తాడు, బాగుంటుంది. చివరికి అనుమానం పెద్ద బ్యాటరీ మీదికి పోతుంది. హైవే మీద, పక్క లేన్లో ట్రక్కులు దూసుకుపోతుండగా శక్తి పోయిన బండిలో కూర్చోవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఇంత ముఖ్యమైన పంపుకు ప్రత్యామ్నాయం పెట్టకపోవడం ఆనాటి డిజైన్‌లో అసలైన లోపమని నా అభిప్రాయం. అయితే కొనేవాడి కోణంలోంచి చూస్తే ఇది శుభవార్తే. పంపు మార్చడం బ్యాటరీ మార్చడంతో పోలిస్తే చిన్న ఖర్చు. పంపు, దాని రిలే, దాని వైరు కనెక్టర్ మూడూ కొత్తవి వేసి, ఆ దారిలో గాలి బుడగలు మిగలకుండా కూలెంట్ నింపితే ఎస్కేప్‌కున్న అతిపెద్ద బెడద తీరిపోతుంది.

టొయోటా ఇన్వర్టర్‌కూ ఓ మచ్చ ఉంది. 2011 జూన్‌లో కంపెనీ 2006, 2007 మోడల్ హైలాండర్ హైబ్రిడ్లను, ఆర్‌ఎక్స్ 400హెచ్‌లను ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 లక్షా 10 వేలు వెనక్కి పిలిపించింది. ఇన్వర్టర్ లోపలి పవర్ మాడ్యూల్‌లో కొన్ని ట్రాన్సిస్టర్ల కింద సోల్డర్ సరిగా పడలేదు. సోల్డర్ అక్కడ కరెంటుకు దారి మాత్రమే కాదు, ట్రాన్సిస్టర్ వేడి కిందికి దిగేది కూడా దాని గుండానే. అది పలచగా ఉంటే కొండెక్కేటప్పుడో, జోరుగా వేగం పెంచినప్పుడో ఆ చుక్క దగ్గర వేడి నిలిచిపోయి మాడ్యూల్ కాలిపోతుంది. చాలా బండ్లు వేగం తగ్గించుకునే స్థితికి దిగేవి, కొన్ని మొత్తానికే ఆగిపోయేవి. బండి మీదుండే విన్ నంబరు అమెరికా రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే రీకాల్ పని జరగకుండా మిగిలిందా లేదా ఉచితంగా తెలుస్తుంది. ఎస్కేప్ కొనేవాళ్ళు కూడా ఇది చూడాలి. 2008 నుంచి 2011 దాకా మోడళ్ళ ఎస్కేప్, మారినర్‌లలో స్టీరింగ్‌కు ఊతమిచ్చే ఎలక్ట్రిక్ మోటారు నడుస్తుండగానే ఆగిపోవచ్చన్న కారణంతో ఫోర్డ్ 2014లో పెద్ద రీకాల్ చేసింది. జనరల్ మోటార్స్ సాటర్న్ వ్యూలో హైబ్రిడ్ బ్యాటరీల్లోంచి ద్రవం కారడంతో వాటినీ వెనక్కి పిలిచారు. ఆ సాటర్న్ కంపెనీయే ఇప్పుడు లేదు. టాహో హైబ్రిడ్ ఇంజనీరింగ్‌గా అద్భుతం, రెండు మోటార్లూ నాలుగు స్థిర గేర్లూ ఒకే డబ్బాలో కూర్చారు. కానీ దాన్ని విప్పగలిగే చేతులు తక్కువ.

12 వోల్టుల బ్యాటరీ సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. మూడువందల వోల్టుల బ్యాటరీ నిండుగా ఉండగా బండి స్టార్ట్ కాకపోవడమేమిటి? ఆ పెద్ద బ్యాటరీ భద్రత కోసం ఎప్పుడూ రిలేలతో విడదీసి ఉంటుంది. తాళం తిప్పినప్పుడు కంప్యూటర్లు లేచి, అంతా క్షేమమని చూసుకుని రిలేలు కలుపుతాయి. ఆ కంప్యూటర్లకూ రిలేలకూ కరెంటు చిన్న బ్యాటరీదే. అది నీరసిస్తే వోల్టేజీ తగ్గిన కంప్యూటర్లు పొంతనలేని కోడ్లు చూపిస్తాయి, ఒకేసారి నాలుగైదు దీపాలు వెలుగుతాయి. చూసినవాడు హడలిపోయి బండి అమ్మకానికి పెట్టేస్తాడు. డ్యాష్‌బోర్డు దీపావళిలా వెలిగిపోతున్న పాత హైబ్రిడ్‌ను చూస్తే మొదట కొలవాల్సింది ఈ చిన్న బ్యాటరీనే. ఎస్కేప్‌లో దీనికి తిరుగు ఏర్పాటు కూడా ఉంది. పెద్ద బ్యాటరీలో ఇంజన్ తిప్పేంత ఛార్జి లేకపోతే, డ్రైవర్ కాళ్ళ దగ్గర మూత వెనకుండే బటన్ నొక్కి, చిన్న బ్యాటరీతోనే కొన్ని నిమిషాలపాటు పెద్దదానికి ఊపిరి పోయవచ్చు.

టొయోటా బండ్లలో నేను ఎక్కువగా భయపడేది బ్రేక్ యాక్చుయేటర్‌కు. మామూలు కారులో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ బూస్టర్ ఇంజన్ మీద ఆధారపడుతుంది. ఇంజన్ తరచూ ఆగే హైబ్రిడ్‌లో అది కుదరదు కాబట్టి ఒక ఎలక్ట్రిక్ పంపు బ్రేక్ ఆయిల్‌ను ఒత్తిడితో నింపి దాచి ఉంచుతుంది. డ్రైవర్ తలుపు తెరవగానే కొద్ది సెకన్లు బుర్రుమని వినిపించేది ఆ పంపే. బండి నిలబడి ఉండి, బ్రేకు తొక్కకపోయినా ఆ చప్పుడు మాటిమాటికీ వస్తుంటే లోపల ఒత్తిడి నిలవడం లేదని అర్థం. ఆ యూనిట్ ఖరీదు బ్యాటరీ ఖరీదుకు దగ్గరగా పోతుంది. బేరమాడేటప్పుడు చెవి ఒగ్గి వినాల్సిన శబ్దం ఇదొక్కటే.

మిగిలినవి ఏ పాత బండికైనా ఉండేవే. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి ఎస్కేప్‌లు వెనక చక్రాల పైభాగంలో, షాక్ అబ్జార్బర్ బిగించే చోట తుప్పు తింటాయి. లిఫ్ట్ ఎక్కించి కింద చూడకుండా ఒహాయో, మిషిగన్ బండి కొనకూడదు. బ్రేకులు తక్కువ వాడటం వల్ల కాలిపర్ల పిన్నులు బిగుసుకుపోతాయి. హైలాండర్ 3.3 లీటర్ల ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది, 90 వేల మైళ్ళకు మార్చాలి, అప్పుడే వాటర్ పంపూ మారిస్తే మంచిది. హైబ్రిడ్ భాగాల దిగులులో పడి ఈ బెల్టును మరిచిపోయేవాళ్ళు చాలామంది. 2011 మోడల్ నుంచి వచ్చిన 3.5 లీటర్ల ఇంజన్‌కు గొలుసు ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

పెద్ద బ్యాటరీ నిజంగానే పోతే? అమెరికాలో ఈ బండ్ల హైబ్రిడ్ భాగాలకు 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ ఇచ్చారు. కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలు పాటించే రాష్ట్రాల్లో బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా లక్షన్నర మైళ్ళ దాకా వచ్చింది. అవన్నీ ఎప్పుడో తీరిపోయాయి. ఇప్పుడు దారులు మూడు: కంపెనీ కొత్త బ్యాటరీ, బయట తయారైన కొత్త సెల్స్‌తో కట్టినది, పాతదాన్నే బాగుచేసింది. ఈ మూడోదాని దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. పాత పెట్టె విప్పి, చచ్చిన సెల్స్ తీసేసి, ఇంకో పాత పెట్టెలోని సెల్స్ వేసి, ఆర్నెల్ల గ్యారంటీతో అమ్ముతారు. కలిపిన సెల్స్ బలం, మిగిలిన సెల్స్ బలం ఒకటి కాదు కాబట్టి కొన్నాళ్ళకు మరో బలహీనమైనది బయటపడుతుంది. దాన్ని మారిస్తే ఇంకోటి. వయసు ఒకటే అయిన సెల్స్‌లో ఒకటి పోయిందంటే మిగతావీ అదే బాటలో ఉన్నట్టు. బండిని ఏడాది వాడి వదిలేద్దామనుకుంటే తప్ప ఈ పనికి డబ్బు పెట్టకూడదు. సొంతంగా విప్పే సాహసం అసలే వద్దు. నారింజ రంగు తొడుగున్న ప్రతి కేబులూ ప్రాణం తీయగలది. పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ లాగేసిన తర్వాత కూడా ఇన్వర్టర్ కెపాసిటర్లలో కరెంటు కొన్ని నిమిషాలపాటు మిగిలే ఉంటుంది. రబ్బరు గ్లవ్స్ లేకుండా, శిక్షణ లేకుండా ఆ పెట్టె మీద చెయ్యి వేయకూడదు.

కొనేముందు బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూపించమని అడగాలి. ముందే వేడెక్కించి పెట్టిన బండిలో సగం లోపాలు కనపడవు. ఇన్వర్టర్ కూలెంట్ డబ్బా మూత తీసి, బండి ఆన్‌లో ఉండగా లోపలి ద్రవం సుడులు తిరుగుతోందో లేదో చూడాలి, కదలిక లేకపోతే పంపు నడవనట్టే. తర్వాత అరగంట తగ్గకుండా నడపాలి. ఇంజన్ వేడెక్కాక సిగ్నళ్ళ దగ్గర దానంతట అది ఆగుతోందా? చిన్న వీధుల్లో నెమ్మదిగా పోతుంటే మోటారు ఒక్కటే లాగుతోందా? బ్యాటరీ ఛార్జి గీత నిమిషాల్లో నిండిపోయి, అంతే వేగంగా పడిపోతుంటే సామర్థ్యం తరిగిపోయినట్టే. చివరగా చవకైన ఓబీడీ స్కానర్ ఒకటి తగిలించి, ఫోర్డ్ అయితే ఫోర్‌స్కాన్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో, బ్యాటరీలోని సెల్స్ గుంపుల వోల్టేజీలు చదవాలి. వేగం పెంచుతున్నప్పుడు ఒక గుంపు మిగతావాటికంటే బాగా కిందికి జారితే రోగి దొరికినట్టే. స్కానర్ పెట్టనివ్వని అమ్మకందారు దగ్గర్నుంచి నేనైతే లేచి వచ్చేస్తాను.

నన్నడిగితే వరసలో ముందు 2009 తర్వాతి ఎస్కేప్ లేదా మారినర్, దక్షిణాది రాష్ట్రంలో తిరిగింది, పంపు మార్చిన రసీదు ఉన్నది. ఆ ఏడు నుంచి 2.5 లీటర్ల ఇంజన్ వచ్చింది, నడక కూడా నున్నగా మారింది. కుటుంబం పెద్దదైతే 2011 తర్వాతి హైలాండర్. మొదటి రెండేళ్ళ ఆర్‌ఎక్స్ 400హెచ్ కూడా, ఇన్వర్టర్ రీకాల్ జరిగినట్టు కాగితం ఉంటే, సుఖమైన బండే.

ఇదంతా మన ఊళ్ళలో ఇప్పుడే అక్కరకొచ్చే విషయం కాకపోవచ్చు. ఈ బండ్లేవీ భారతదేశంలో అమ్మలేదు. కానీ 2022 చివర్లో వచ్చిన టొయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఉన్నది కూడా నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీయే. గుంటూరు, కరీంనగర్ రోడ్ల మీద ఈరోజు తిరుగుతున్న ఆ బండ్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు. ట్రావెల్స్‌లో తిరిగేవి కిలోమీటర్ల లెక్కన ఆ హద్దు చాలా ముందే దాటేస్తాయి. అవి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చినప్పుడు ఓడోమీటర్‌తో పాటు బ్యాటరీ గాలి ఫిల్టర్ ఎప్పుడెప్పుడు శుభ్రం చేశారో చెప్పే సర్వీస్ బుక్కు కూడా అడిగి చూడండి. మే నెల ఎండలో మన దుమ్ము రోడ్ల మీద ఆ ఫిల్టర్ పడే పాట్లు కాలిఫోర్నియాలో ఏ హైలాండరూ పడి ఉండదు.